డెక్కు మీద పెర్గోలా: గుంజలను ఎక్కడ నిలపాలి?

పడమటి_పెరడు (ఫ్రిస్కో, టెక్సాస్), ఫిబ్రవరి 22

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక, ఇంటిని ఆనుకొని 14 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల చెక్క డెక్కు (పలకలు పరిచిన ఎత్తైన అరుగు) ఉంది. నేల నుంచి దాని ఎత్తు 28 అంగుళాలు. ఇల్లు తూర్పు ముఖం కాబట్టి పెరడంతా పడమరకు తెరచుకొని ఉంటుంది. మే మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా సాయంత్రం నాలుగు దాటితే ఆ డెక్కు మీద కాలు మోపలేము. ఏప్రిల్ చివర్లో మా అమ్మగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. పోయినసారి ఆవిడ సాయంత్రాలన్నీ కిటికీ తెరలు వేసుకొని ఏసీ గదిలోనే గడిపారు. వాకిట్లో కూర్చొనే అలవాటున్న మనిషి అలా ఉండడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

ఈసారి పెర్గోలా (వాసాలు, బద్దలే కప్పుగా ఉండే చెక్క పందిరి) వేయాలని నిశ్చయించుకున్నాను. నా ఆలోచన ఇది: నాలుగు 6×6 అంగుళాల గుంజలు, ఇంటి గోడకు సమాంతరంగా రెండు దూలాలు, వాటి మీద ఇంటి వైపు నుంచి పెరట్లోకి సాగే వాసాలు, అన్నిటికీ పైన సన్నని బద్దలు. గుంజలకు ఇనుప పాదాలు తొడిగి, వాటిని డెక్కు పలకల మీదనే పొడవాటి స్క్రూలతో బిగించాలనుకుంటున్నాను. ఇది సరిపోతుందా? ఇంటి వైపు గుంజలు రెండూ మానేసి ఆ దూలాన్ని ఇటుక గోడకే బిగించవచ్చా? కట్టిన అనుభవం ఉన్నవారు మంచిచెడ్డలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రంపంపొట్టు (కేరీ, నార్త్ కరొలైనా), ఫిబ్రవరి 22

దయచేసి పలకల మీద బిగించకండి. మా ఇంట్లో సరిగ్గా అలాగే జరిగింది. అప్పట్లో నాకు ఈ పని తెలియదు. ఒక గుత్తేదారుకు అప్పగించాను. ఆయన మనుషులు ఒక్కో పాదానికి నాలుగు స్క్రూల చొప్పున డెక్కు పలకల్లోకి దించి, ఒక్క రోజులో పని ముగించి వెళ్ళారు. చూడడానికి ఎంతో అందంగా ఉండేది. చేత్తో గుంజను పట్టుకొని ఊపితే పైభాగం కొద్దిగా కదిలేది, కొత్త చెక్క సర్దుకుంటుందిలే అనుకున్నాను.

రెండో వేసవిలో ఒక సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. పది నిమిషాలైనా గడవకముందే పెర్గోలా మొత్తం ఒక పక్కకు ఒరిగి డెక్కు కటకటాల మీద పడింది. గంట ముందు అక్కడే పిల్లలు ఆడుకుంటున్నారు. మరునాడు చూస్తే స్క్రూలు ఒక్కటి కూడా విరగలేదు. చెక్క పీచుతో సహా పలకల్లోంచి ఊడి వచ్చాయి. డెక్కు పలక అసలు మందం ఒక అంగుళమే. అది మన పాదాలను మోయడానికి వేసినది, ఎనిమిది అడుగుల గుంజను నిటారుగా నిలబెట్టడానికి వేసినది కాదు.

ఆ తరువాతే నేను వడ్రంగం నేర్చుకున్నాను. రెండోసారి నా చేతులతో కట్టిన పెర్గోలాకు డెక్కుతో సంబంధమే లేదు. గుంజలు డెక్కును దాటి కిందికి, నేలలోని కాంక్రీటు మీదికి వెళ్ళాయి.

దూలం_వాసం (ప్లేనో, టెక్సాస్), ఫిబ్రవరి 23

నేను కట్టడాల ఇంజనీరును. రంపంపొట్టు గారు చెప్పినది ఎందుకు జరిగిందో లెక్కతో చూపిస్తే పెరడు గారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇవి అవగాహన కోసం వేసిన ఉజ్జాయింపు లెక్కలు. మీ ఊరి అనుమతికి వేరే లెక్క కావాలి.

మొదట బరువు. మీరు చెప్పిన పరిమాణంలో సదరన్ పైన్ కలపతో కడితే మొత్తం సుమారు 28 ఘనపుటడుగుల చెక్క అవుతుంది. ఆరిన చెక్కకు ఘనపుటడుగుకు 35 పౌన్లు వేసుకుంటే 1000 పౌన్లకు కాస్త తక్కువ, అంటే ఒక్కో గుంజ మీద 250 పౌన్లు. సాధారణంగా డెక్కును చదరపు అడుగుకు 40 పౌన్ల మనుషుల బరువునూ 10 పౌన్ల సొంత బరువునూ మోసేలా కడతారు కనుక, గుంజ సరైన చోట పడితే ఈ బరువు పెద్ద సమస్య కాదు.

అసలు సమస్య గాలి. గంటకు మైళ్ళలో ఉన్న వేగాన్ని వర్గం చేసి 0.00256తో గుణిస్తే చదరపు అడుగుకు పౌన్లలో గాలి ఒత్తిడి వస్తుంది. 35 మైళ్ళ గాలికి అది 3 పౌన్లు, 70 మైళ్ళ గాలికి 12.5 పౌన్లు, వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుందన్నమాట. మన ప్రాంతపు వసంతకాలపు గాలివానల్లో 70 మైళ్ళు అరుదైన సంగతి కాదు. పక్క నుంచి గాలికి ఎదురయ్యే దూలాలు, వాసాలు, గుంజల పైసగం కలిపి 30 చదరపు అడుగులనుకుందాం. చదరపు అంచులున్న కర్రను గాలి మరికొంత గట్టిగా తోస్తుంది కాబట్టి మొత్తం తోపు 500 పౌన్లకు చేరుతుంది. నాలుగు గుంజలకు పంచితే ఒక్కో గుంజ తలకు 125 పౌన్లు. ఎనిమిది అడుగుల ఎత్తున 125 పౌన్ల తోపు ఉంటే అడుగున 1000 అడుగు-పౌన్ల వంపు బలం పుడుతుంది. నాలుగు అంగుళాల ఎడంతో ఉన్న స్క్రూలు దానిని ఆపాలంటే ఒక పక్క స్క్రూల మీద 3000 పౌన్ల లాగుడు పడుతుంది. అంగుళం మందం పలకలో ఏ స్క్రూ కూడా అంత లాగుడుకు నిలవదు.

ఇక్కడే ఏటవాలు ఊతకర్రల విలువ తెలుస్తుంది. గుంజకూ దూలానికీ మధ్య 45 డిగ్రీల ఊతకర్రను బోల్టులతో బిగిస్తే ఆ మూడూ కలిసి కదలని త్రిభుజమవుతాయి. అప్పుడు పాదం వంపును మోయవలసిన పని ఉండదు; గాలి తోపు ఒక పక్క గుంజల మీద నొక్కుడుగానూ రెండో పక్క గుంజల మీద పైకి లాగుడుగానూ మారుతుంది. గుంజల మధ్య 12 అడుగుల ఎడం ఉంటే అదే 500 పౌన్ల గాలికి ఒక్కో గుంజను పైకి లాగే బలం 170 పౌన్లకు మించదు. గుంజ మీద ఉన్న సొంత బరువే దానిని చాలావరకు అణచి ఉంచుతుంది. 3000 ఎక్కడ, 170 ఎక్కడ! ఊతకర్రలను కేవలం అలంకారమనుకొని వదిలేసేవారిని చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. రెండు దిశలలోనూ కలిపి ఎనిమిది ఉండాలి.

ఎండకు చాలడం లేదని తరువాత పైన గుడ్డ కప్పాలనుకుంటే ఈ లెక్కంతా మారిపోతుంది. 12×16 అడుగుల గుడ్డ అంటే 192 చదరపు అడుగులు; అదే గాలి ఒత్తిడిలో సగమే పైకి లేపినా 1200 పౌన్లు. అంటే మొత్తం పెర్గోలా బరువు కన్నా ఎక్కువ.

ఇక ఇటుక గోడ. గుంటూరులో మన ఇళ్ళకు ఉండే తొమ్మిదంగుళాల గోడ వంటిది కాదు ఇది. ఇక్కడ బయటికి కనిపించే ఇటుక ఒక పొర మాత్రమే. లోపలి చెక్క చట్రానికి సన్నని లోహపు పట్టీలతో కట్టి ఉంటుంది, రెంటికీ మధ్య ఖాళీ ఉంటుంది. తన బరువును తాను మోసుకోవడమే దాని పని. డెక్కులను ఆ ఇటుక పొర మీద ఆధారపరచడాన్ని ఇక్కడి నివాస గృహాల నిర్మాణ నియమావళి ఒప్పుకోదు. పెర్గోలాను నాలుగు కాళ్ళ మీదనే నిలపండి. మీ డెక్కును గోడకు ఎలా బిగించారో కూడా కిందికి వంగి ఒకసారి చూడండి.

మంచుకాలం (మినియాపొలిస్, మినెసోటా), ఫిబ్రవరి 23

పునాది గురించి ఒక మాట కలుపుతాను. మా దగ్గర నేల గడ్డకట్టే లోతును దాటి పునాది దించాలి. రాష్ట్రపు దక్షిణ మండలంలో అది 42 అంగుళాలు, ఉత్తర మండలంలో 60 అంగుళాలు. నేలలోని నీరు గడ్డకడుతూ ఉబ్బినప్పుడు కాంక్రీటు స్తంభాన్ని పక్కల నుంచి పట్టుకొని పైకి ఎత్తుతుంది. గొయ్యి తవ్వేటప్పుడు పైభాగం వెడల్పై, కాంక్రీటు పుట్టగొడుగు ఆకారంలో గట్టిపడితే ఉబ్బిన నేలకు ఆ గొడుగే పట్టు దొరుకుతుంది. నా మొదటి డెక్కు ఒక మూల ఒక్క చలికాలంలో ముప్పాతిక అంగుళం లేచింది; తవ్వి చూస్తే కారణం అదే. అట్టతో చేసిన గొట్టం అచ్చును గోతిలో దించి, స్తంభం పై నుంచి కింది దాకా నున్నగా ఒకే వెడల్పున ఉండేలా పోయండి. టెక్సాస్‌లో మీకు గడ్డకట్టే బెడద తక్కువే కాబట్టి ఇది అంతగా వర్తించకపోవచ్చు.

దూలం_వాసం (ప్లేనో, టెక్సాస్), ఫిబ్రవరి 24

మంచుకాలం గారూ, అక్షరాలా వర్తిస్తుంది. మాకు మంచుకు బదులు మట్టే ఆ పని చేస్తుంది. డాలస్ చుట్టుపక్కల బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అనే పట్టీలో ఉన్నది నల్లరేగడి. దక్కను నల్లరేగడినీ దీనినీ నేలల శాస్త్రం వెర్టిసాల్ అనే ఒకే తరగతిలో చేర్చింది. వానకు ఉబ్బుతుంది, ఆగస్టు నాటికి చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలిస్తుంది. నల్లరేగడిలో ఇల్లు కట్టిన మన పెద్దలకు ఈ నేల స్వభావం ఎవరూ చెప్పనక్కరలేదు.

దీనివల్ల పెరడు గారు గమనించవలసినవి రెండు. మంచుకాలం గారు చెప్పిన నున్నని స్తంభం తప్పనిసరి. రెండోది, గుంజ డెక్కు గుండా దిగేచోట పలకలకూ గుంజకూ మధ్య అరంగుళం ఖాళీ ఉంచండి, పలకలను కింద నుంచి మోసే అడ్డకర్రలకు (జాయిస్టులకు) బిగించకండి. ఇంటిని పట్టుకొని ఉన్న డెక్కు ఒక తీరున, విడిగా ఉన్న పెర్గోలా మరొక తీరున ఋతువును బట్టి కదులుతాయి. రెంటినీ కట్టివేస్తే బలహీనమైన చోట చీలిక వస్తుంది.

పడమటి_పెరడు (ఫ్రిస్కో, టెక్సాస్), ఫిబ్రవరి 25

మీ ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. పలకల మీద బిగించే ఆలోచన, గోడకు బిగించే ఆలోచన రెండూ మానుకున్నాను. డెక్కు కిందికి దూరి చూశాను; జాయిస్టులు 16 అంగుళాల ఎడంతో ఉన్నాయి కాబట్టి ఇంటి వైపు గుంజలు రెండూ వాటి మధ్య నుంచి దిగగలవు. పెరటి వైపు రెండు గుంజలు డెక్కు అంచుకు బయట నేల మీదనే వస్తాయి. గుంజల మధ్య 9 అడుగులు, 12 అడుగులు ఎడం పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు నీడ గురించి అడుగుతాను. వాసాల మధ్య ఎంత ఎడం ఉంటే సాయంత్రపు ఎండ ఆగుతుంది?

ఎండ_నీడ (హైదరాబాదు), ఫిబ్రవరి 26

నేను వాస్తుశిల్పిని, ఎండ నడకను బట్టి నీడ పందిళ్ళు గీయడం నా వృత్తిలో భాగం. ఎడం కన్నా ముందు దిశ చూడాలి. మీ చిత్తులో వాసాలు ఇంటి నుంచి పెరట్లోకి, అంటే తూర్పు పడమరలుగా సాగుతున్నాయి. పడమటి ఎండ సరిగ్గా ఆ వాసాల సందుల వెంటనే లోపలికి వస్తుంది. ఎన్ని వాసాలు వేసినా దానికి అడ్డు తగలదు. చట్రాన్ని తిప్పండి. దూలాలు ఇంటికి లంబంగా, వాసాలు ఇంటి గోడకు సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా రావాలి.

లెక్క చెబుతాను. ఫ్రిస్కో 33 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ 80 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి కాస్త దక్షిణంగా ఉంటాడు. (మాకు హైదరాబాదులో మే రెండో వారంలోనే సూర్యుడు నడినెత్తికి వచ్చి, జూన్‌లో ఉత్తరానికి ఒరుగుతాడు, అందువల్ల మా కొలతలు మీకు పనికిరావు.) మరొక సంగతి గుర్తుంచుకోండి: వేసవిలో గంట ముందుకు జరిపే గడియారం ప్రకారం మీ ఊళ్ళో అసలైన మిట్టమధ్యాహ్నం దాదాపు ఒంటిగంటన్నరకు వస్తుంది. కాబట్టి గడియారం సాయంత్రం అయిదున్నర చూపినప్పుడు సూర్యుడికి అది నాలుగు గంటలే. ఆ వేళకు అతడు ఇంకా 37 డిగ్రీల ఎత్తున, దాదాపు నేరుగా పడమరన ఉంటాడు.

అంగడిలో 2×8 అంగుళాలని పిలిచే వాసం అసలు లోతు 7.25 అంగుళాలు, మందం 1.5 అంగుళాలు. ఉత్తర దక్షిణాలుగా నిలబెట్టిన అలాంటి వాసం అయిదున్నరకు తూర్పు వైపు సుమారు 11 అంగుళాల నీడ పరుస్తుంది. వాసాలు 16 అంగుళాల కొకటి ఉంటే దాదాపు 70 శాతం నీడ, 12 అంగుళాల కొకటి ఉంటే 90 శాతం దాటుతుంది. అదే వాసాలు ఒంటిగంటన్నరకు తమ మందమంత నీడ మాత్రమే ఇస్తాయి. ఆ వేళకు పైన తూర్పు పడమరలుగా వేసే 2×2 బద్దలు పని చేయాలి. వాటిని నాలుగు అంగుళాల కొకటిగా వేస్తే సగానికి కాస్త తక్కువ నీడ దొరుకుతుంది.

ఏ వాసమూ చేయలేని పని ఒకటుంది. ఏడు దాటిన తరువాత సూర్యుడు బాగా కిందికి దిగి, పెర్గోలా కప్పు కిందుగా నేరుగా ముఖం మీదికి వస్తాడు. దానికి పడమటి పక్కన నిలువు తెర ఒకటే మార్గం.

తెనాలి_వాకిలి (తెనాలి), ఫిబ్రవరి 26

మా నాన్నగారు వడ్రంగి. వేసవి వస్తే ఊళ్ళో చలువ పందిళ్ళు, ముహూర్తాలు వస్తే పెళ్ళి పందిళ్ళు వేసేవారు. సరుగుడు కర్రలు గుంజలుగా పాతి, పైన వెదురు పరిచి, తాటాకు గానీ కొబ్బరి మట్టలు గానీ కప్పేవారు. ఆయన ఎప్పుడూ కప్పును బిగించి కట్టనిచ్చేవారు కాదు. గాలి ఆకుల సందుల్లోంచి పోవాలి, పందిరి గాలితో పోట్లాడకూడదు అనేవారు. ఇంజనీరు గారు గుడ్డ గురించి చెప్పిన లెక్క చదివినప్పుడు ఆ మాట జ్ఞాపకం వచ్చింది.

అయితే మన చలువ పందిరి రెండు నెలల కోసం వేసేది. తొలకరికి ముందు విప్పేస్తాము. గుంజ అడుగు చెదపట్టినా చివికినా మరుసటి ఏడు కొత్త కర్ర వస్తుంది. మీరు ఇరవై ఏళ్ళ కోసం వేస్తున్నారు. కనుక గుంజ మొదలు ఎప్పుడూ మట్టిలో గానీ, నీళ్ళు నిలిచే చోట గానీ ఉండకుండా చూసుకోండి. కర్ర అడ్డుకోత వైపు నుంచే నీళ్ళు తాగుతుంది.

ఎండ నీడ గారు చెప్పిన నిలువు తెరకు మా వైపు పేరు తడిక. పడమటి అరుగుకు తడిక కట్టి, దాని మీదికి చిక్కుడో బచ్చలో పాకించని ఇల్లు మా చిన్నప్పుడు లేదు.

దొండతీగ (ఇర్వింగ్, టెక్సాస్), ఫిబ్రవరి 27

తడిక మాట వచ్చింది కాబట్టి తీగల సంగతి నేను చెబుతాను. పదకొండేళ్ళుగా ఇదే వాతావరణంలో పెంచుతున్నాను. మీ పడమటి తెరకు దొండను మించినది లేదు. ఆకు దట్టంగా వస్తుంది, కాయ తేలిక, జూలై ఎండకు వాడదు. విత్తనంతో కాకుండా కాయలు కాసే తల్లి తీగ నుంచి పెన్సిలంత లావు ముక్క తీసి నాటాలి. గడ్డకట్టే చలికి పైతీగ చనిపోతుంది. నేను పెద్ద కుండీలో పెంచి నవంబరులో మోకాలెత్తుకు కత్తిరించి గరాజులోకి మారుస్తాను. హవాయి దీవుల్లో దొండ అడవులను కమ్మేసే కలుపు మొక్కగా మారింది కాబట్టి అక్కడ ఉన్నవారు నాటకూడదు.

మీ అమ్మగారికి ఒక మాట ముందే చెప్పండి. ప్రేమకొద్దీ సంచిలో దొండ కొమ్మలో మల్లె అంట్లో పెట్టుకొని వస్తారు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వాటిని ఈ దేశంలోకి తేనివ్వరు. విమానాశ్రయంలో చెప్పకుండా దాస్తే జరిమానా పడుతుంది. ముక్కలు నేనిస్తాను.

సొర, గుమ్మడి పైకప్పు మీదికి ఎక్కించకండి. కాయ బరువు బద్దల మీద పడుతుంది. విస్టీరియా పూలు చూసి ముచ్చటపడి నాటితే కొన్నేళ్ళకు దాని మాను బద్దలను మెలిపెట్టి విరుస్తుంది. కరొలైనా జెస్సమిన్ అనే పసుపు పూల తీగ నర్సరీల్లో దొరుకుతుంది. పేరు విని జాజి అనుకొని మనవాళ్ళు పూలు కోసి తలలో పెట్టుకుంటున్నారు. అది జాజి కాదు. ఆ మొక్కలో ప్రతి భాగమూ విషమే. పసిపిల్లలున్న ఇళ్ళలో వద్దేవద్దు.

దూలం_వాసం (ప్లేనో, టెక్సాస్), ఫిబ్రవరి 27

దొండతీగ గారి మాటకు చిన్న చేర్పు. ఆకు దట్టంగా అల్లుకున్న తెర కూడా గాలికి తెరచాప వంటిదే. పడమటి వైపు గుంజల మధ్య మొత్తం 12 అడుగులూ కాకుండా, కూర్చొనే చోటికి ఎదురుగా ఆరడుగులు చాలేమో చూడండి.

పడమటి_పెరడు (ఫ్రిస్కో, టెక్సాస్), ఏప్రిల్ 13

ఇంటి యజమానుల సంఘం సమ్మతి, ఊరి అనుమతి రెండూ వచ్చాయి. దిశ మార్చి గీసిన కొత్త చిత్తునే ఇచ్చాను. తవ్వడానికి ముందు, నేలలోని తీగలు, గొట్టాల జాడ చూపించే 811 నంబరుకు ఫోను చేస్తే, రెండు పనిదినాల్లో మనుషులు వచ్చి నేల మీద రంగులతో గీతలు గీసి వెళ్ళారు. ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాసుకు, నారింజ రంగు ఫోను తీగలకు. నేను వాయవ్య గుంజకు గుర్తు పెట్టుకున్న చోటుకు ఏడంగుళాల దూరంలో పసుపు గీత పడింది. ఆ ఫోను చేయకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చట్రం మొత్తాన్ని రెండడుగులు దక్షిణానికి జరిపాను.

నాలుగడుగుల లోతు, అడుగు వెడల్పు గల నాలుగు గోతులు తవ్వడానికి నాకూ మిత్రుడికీ రెండు రోజులు పట్టింది. పై అడుగున్నర దాటాక పార మట్టిని కోయడం మానేసి, మట్టే పారను పట్టుకోవడం మొదలైంది. అద్దెకు తెచ్చిన మరతో మిగిలినది తవ్వాము. ఒక్కో గోతికి 3.14 ఘనపుటడుగుల కాంక్రీటు. 80 పౌన్ల బస్తా ఒక్కటి 0.6 ఘనపుటడుగులే ఇస్తుంది కాబట్టి నాలుగింటికి 21 బస్తాలు పట్టాయి. కాంక్రీటు పచ్చిగా ఉండగానే, గుంజను నేలకు ఒక అంగుళం పైన పట్టుకొనే ఇనుప పాదాల బోల్టులు అందులో నిలిపాము.

మూలమట్టం చూడడంలో ఒక సౌలభ్యం దొరికింది. 9 అడుగులు, 12 అడుగులు ఎడం పెట్టుకోవడం వల్ల ఐమూల సరిగ్గా 15 అడుగులు రావాలి. మొదటిసారి ఒక ఐమూల 15 అడుగుల అంగుళంన్నర వచ్చింది. దారాలు జరిపి, రెండు ఐమూలలూ సమానమయ్యే దాకా కాంక్రీటు కలపలేదు.

తెనాలి వాకిలి గారూ, పాదం ఎత్తున ఉన్నా గుంజలకు నేల తాకిడికి తగిన మందు పట్టించిన కలపనే తీసుకున్నాను.

రంపంపొట్టు (కేరీ, నార్త్ కరొలైనా), ఏప్రిల్ 13

చాలా సంతోషం. దూలాలను గుంజకు అటూ ఇటూ ఆనించి బోల్టులతో వేలాడదీయకుండా, గుంజ తలలో గాడి కోసి దూలం ఆ గాడిలో కూర్చొనేలా చేయండి. అప్పుడు బరువును చెక్క మోస్తుంది. బోల్టు దూలం పక్కకు జరగకుండా పట్టుకుంటే చాలు. గాడి కోసిన తాజా చెక్క మీద, చివకకుండా కాపాడే రాగి మందు రెండుసార్లు పూయడం మరవకండి, ఎందుకంటే కర్మాగారంలో ఎక్కించిన మందు నడిమి దాకా వెళ్ళదు. బోల్టులు ఏవి కొన్నారు?

పడమటి_పెరడు (ఫ్రిస్కో, టెక్సాస్), ఏప్రిల్ 14

అంగడిలో మెరుస్తూ కనిపించిన మామూలు జింకు పూత బోల్టులు కొన్నాను. తప్పా?

దూలం_వాసం (ప్లేనో, టెక్సాస్), ఏప్రిల్ 14

తిరిగి ఇచ్చేయండి. 2003 చివరి వరకు ఇళ్ళ కలపకు ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. దానిని మానిపించాక వచ్చిన మందుల్లో రాగి పాలు ఎక్కువ. తడి తగిలినప్పుడు ఆ రాగి ఇనుమును తింటుంది; పలుచని జింకు పూత కొద్ది ఏళ్ళలో పోతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన మందపాటి పూత బోల్టులు గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడాలి. ఒకే కీలులో రెంటినీ కలపకూడదు. మీ పాదాలు జింకువి అయితే అక్కడి బోల్టులూ జింకువే కావాలి.

పడమటి_పెరడు (ఫ్రిస్కో, టెక్సాస్), జూన్ 24

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పెర్గోలా మే 9 నాటికి పూర్తయింది. బోల్టులన్నీ మార్చాను, దూలాలు గాడుల్లో కూర్చున్నాయి, ఎనిమిది ఊతకర్రలూ ఉన్నాయి. ఊతకర్రలు బిగించక ముందు, బిగించిన తరువాత గుంజను పట్టుకొని ఊపి చూశాను. ముందు తల రెండంగుళాల దాకా ఊగింది; తరువాత నా బలమంతా పెట్టినా కదలలేదు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా మొదట చేసిన పని అదే.

ఎండ నీడ గారూ, వాసాలు 12 అంగుళాల కొకటి వేశాను. నిన్న సాయంత్రం అయిదున్నరకు డెక్కు మీద సుద్దతో అడుగు పొడవున గీత గీసి నీడ పడిన భాగం కొలిచాను. పన్నెండు అంగుళాలలో ఎండ ఒక అంగుళం మాత్రమే పడింది. ఏడు తరువాత మీరు చెప్పినట్టే సూర్యుడు కప్పు కిందుగా వచ్చాడు. ఇంజనీరు గారు చెప్పిన ఆరడుగుల తడికకు స్టెయిన్‌లెస్ తీగలు లాగి, దొండతీగ గారు ఇచ్చిన నాలుగు ముక్కలు రెండు కుండీల్లో నాటాము. ఇప్పటికి తీగ భుజమెత్తు దాటింది. అమ్మ రోజూ ఆరింటికి కుర్చీ అక్కడికే వేయించుకుంటున్నారు. ఎండ ముఖం మీద పడే అరగంట మాత్రం కుర్చీని కాస్త ఉత్తరానికి జరుపుకుంటారు. తీగ తలెత్తు దాటితే ఆ అవసరం ఉండదు.

జూన్ మొదటి వారంలో గాలివాన వచ్చింది. ఎదురింటి కంచె రెండు పలకలు ఊడిపోయాయి. మరునాడు నేను గుంజల చుట్టూ డెక్కు ఖాళీలు కొలిచాను. నాలుగు వైపులా అరంగుళం అలాగే ఉంది. ఆరు వారాలకు చెక్క ఆరి కుదించుకుంటుందని చదివి మొన్న ఆదివారం అన్ని బోల్టులూ మళ్ళీ బిగించాను. దూలాల దగ్గరివి అర చుట్టు తిరిగాయి, ఊతకర్రల అడుగువి ముప్పాతిక చుట్టు. పచ్చి కలపతో కట్టినవారు ఎవరైనా ఉంటే తప్పకుండా ఇది చేయండి. సెప్టెంబరులో, నేల పూర్తిగా నెర్రెలిచ్చాక, ఖాళీలు మరోసారి కొలిచి ఇక్కడ రాస్తాను.

దొండతీగ (ఇర్వింగ్, టెక్సాస్), జూన్ 24

తీగ చివర్లు తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. తుంచిన లేత చివుళ్ళు అమ్మగారికి ఇవ్వండి, పప్పులో వేస్తారు.